పాణం బాగలేదంటే కేస్ షీట్‌లో ఏం రాయాలి: సైకియాట్రిక్ నర్సింగ్ పీజీ, నా అనుభవం

వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఓపీకి వచ్చేవాళ్లలో ‘నాకు డిప్రెషన్ ఉంది’ అని చెప్పేవాళ్లు తక్కువ. ‘పాణం బాగుంటలేదు బిడ్డా’ అంటారు. వెంట వచ్చినవాళ్లు ‘కొడుకు పోయిన కాన్నుంచి రంది (దిగులు) పెట్టుకుంది’ అంటారు. ‘బుగులైతాంది’ (భయమేస్తోంది), ‘కండ్లు మూస్తే నిద్ర పడ్తలేదు’, ‘దిమాక్ పని చేస్తలేదు’ అనేవి మిగతా మాటలు. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో మెంటల్ హెల్త్ తీసుకున్న రెండేళ్లూ మనం నేర్చుకునేది ముఖ్యంగా ఈ మాటలను వినడం, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టడం, ఆ కాగితాన్ని బట్టి పని చేయడం. మందులూ చట్టమూ థీసిస్సూ దీనికి ఆనుకునే ఉంటాయి. ఈ కోర్సులో చేరాలనుకునే స్టాఫ్ నర్సులకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

చేరడం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీ నర్సింగ్ గానీ పోస్ట్ బేసిక్ బీఎస్సీ గానీ 55 శాతం మార్కులతో పాసై ఉండాలి. నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాది పని అనుభవం కావాలి. బీఎస్సీ వాళ్లకు ఆ ఏడాది డిగ్రీ తర్వాతదై ఉండాలి, పోస్ట్ బేసిక్ వాళ్లకు కోర్సుకు ముందు చేసిందైనా చెల్లుతుంది. తెలంగాణలో ఈ కోర్సు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది, నోటిఫికేషన్ కూడా అక్కడి నుంచే వస్తుంది. దరఖాస్తుల్లో ఎక్కువగా చిక్కు వచ్చేది అనుభవం సర్టిఫికెట్‌తోనే. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా స్పష్టంగా లేకుండా ‘సుమారు ఏడాది పనిచేశారు’ అని రాయించుకొస్తే వెరిఫికేషన్‌లో నిలబడదు. మీ రిజిస్ట్రేషన్ తేదీ కంటే ముందు నుంచే నర్సుగా చేసినట్టు చూపించినా ప్రశ్నలు తప్పవు. ఆసుపత్రి మానేసే రోజే లెటర్‌హెడ్ మీద రాయించుకుని దాచుకోండి.

స్పెషాలిటీలు ఐదు: మెడికల్ సర్జికల్, మిడ్‌వైఫరీ, పిల్లల నర్సింగ్, కమ్యూనిటీ, మెంటల్ హెల్త్. సీటు మిగిలింది కదా అని చివరిదాన్ని తీసుకునేవాళ్లు ఉన్నారు. అలా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. సిలబస్‌లో క్లినికల్ స్పెషాలిటీకి మొదటి ఏడాది 150 గంటల థియరీ, 650 గంటల ప్రాక్టికల్ ఉంటుంది. రెండో ఏడాది థియరీ అంతే, ప్రాక్టికల్ 950 గంటలు. మనసు లేని చోట అన్ని గంటలు నిలబడడం మనకూ కష్టం, పేషెంటుకూ నష్టం. మొదటి ఏడాది దీంతోపాటు నర్సింగ్ ఎడ్యుకేషన్, అడ్వాన్స్ నర్సింగ్ ప్రాక్టీస్, రీసెర్చ్ అండ్ స్టాటిస్టిక్స్ ఉంటాయి. రెండో ఏడాది మేనేజ్‌మెంట్, డిసర్టేషన్ (థీసిస్). మేనేజ్‌మెంట్ వార్డు నడిపినవాళ్లకు తేలికే. స్టాటిస్టిక్స్‌కు మాత్రం మొదటి నెల నుంచే రోజూ అరగంట పెట్టాలి. డేటా చేతికొచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

వార్డులో మొదట పెట్టే పని ప్రాసెస్ రికార్డింగ్. ఒక పేషెంటుతో పదిహేను ఇరవై నిమిషాలు మాట్లాడి, ఆ సంభాషణను వరసల్లో రాయాలి. ఒక వరసలో పేషెంటు అన్నది, పక్కన మనం అన్నది, ఆ తర్వాత మాట్లాడేటప్పుడు ముఖం, చేతులు, చూపు ఎలా ఉన్నాయన్నది, చివర మనం వాడిన పద్ధతి ఏమిటి, పనిచేసిందా లేదా అన్నది. ఫోన్‌లో రికార్డు చేయకూడదు. పేషెంటు ముందు కూర్చుని రాసుకుంటే అతను మాట్లాడడం ఆపేస్తాడు. అందుకని మాట్లాడి రాగానే, అరగంట దాటకముందే, డ్యూటీ రూమ్‌లో కూర్చుని రాసెయ్యాలి. హాస్టల్‌కు వెళ్లి రాత్రి రాస్తే అది పేషెంటు మాట కాదు, మన జ్ఞాపకం అల్లిన మాట. చదివిన మేడమ్‌కు రెండు లైన్లలోనే తెలిసిపోతుంది.

ఒక్క మాట దగ్గర ఎంత తేడా వస్తుందో చూడండి. పేషెంటు అంటాడు: ‘రాత్రంత గోడలకెల్లి మాట్లాడుతున్నరు సిస్టర్. నన్నే తిడుతున్నరు.’ కొత్తవాళ్లు వెంటనే ‘అట్లేం లేదన్నా, పడుకో’ అంటారు. అక్కడితో తలుపు మూసుకుంటుంది. ‘అవునా, ఎవరు వాళ్లు’ అని ఒప్పుకున్నట్టు మాట్లాడినా తప్పే, లేనిదాన్ని మనం బలపరిచినట్టవుతుంది. చెప్పాల్సింది ఇలా ఉంటుంది: ‘నాకైతే వినబడుతలేదన్నా. నీకు వినబడుతుంటే బుగులుగనే ఉంటది. ఏమంటున్నరు?’ అతను చెప్పాక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ‘ఏమన్న చెయ్యమని చెప్తున్నరా?’ చావమనో, ఇంకొకరిని కొట్టమనో ఆ గొంతులు చెబుతుంటే విషయం మారిపోతుంది. వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పాలి, ఆ పేషెంటును కంటికెదురుగా ఉన్న మంచానికి మార్చాలి. రికార్డులో ‘ఆడిటరీ హాలూసినేషన్స్ ఉన్నాయి’ అని మాత్రమే రాసి వదిలేస్తే ఈ ముఖ్యమైన ముక్క రాత్రి డ్యూటీ సిస్టర్‌కు అందదు. అతని మాటలను అతని మాటల్లోనే రాయమని పట్టుబట్టేది ఇందుకే. మన యూనివర్సిటీకి పేరిచ్చిన కాళోజీ జీవితమంతా జనం మాట్లాడే భాష కోసం వాదించారు, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కేస్ షీట్ పట్టుకున్నప్పుడు ఆ సంగతి గుర్తుంటే మంచిది.

మెంటల్ స్టేటస్ ఎగ్జామినేషన్, అంటే ప్రశ్నలడిగి ధ్యాస, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే పరీక్ష కూడా ఇంతే. పుస్తకంలో ఉన్న ప్రశ్నలను తెలుగులోకి మార్చి అడిగితే బాగున్నవాళ్లు కూడా తప్పుతారు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మని బడికి పోని అమ్మను అడిగితే మీరు కొలుస్తున్నది ఆమె ధ్యాసను కాదు, చదువును. ఇరవై నుంచి ఒక్కొక్కటి వెనక్కి లెక్కపెట్టమనండి, లేదా వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనండి. ‘ఈ రోజు తారీకెంత’ అని వృద్ధులను అడిగే బదులు ‘బతుకమ్మ అయిపోయిందా, ఇంకా రావాల్నా?’, ‘మొన్న పోయింది అమాసనా, పున్నమా?’ అంటే కాలం మీద పట్టు ఉందో లేదో తెలుస్తుంది. ఆలోచనా శక్తికి సామెత అర్థం అడగాలి కాబట్టి ఇక్కడి సామెతే అడగాలి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటే ఏంటమ్మా అని అడిగితే, ‘చిన్నప్పుడే చెప్పుకోవాలె పిల్లలకు’ అన్నవాళ్లూ ఉంటారు, ‘చెట్టు పెద్దదైతే వంగదు’ అని ఆగిపోయేవాళ్లూ ఉంటారు. తేడా అక్కడే దొరుకుతుంది. జడ్జిమెంట్‌కు దారిలో ఉత్తరం దొరికితే ఏం చేస్తారని పాత పుస్తకాల్లో ఉంటుంది. గడ్డివాముకు నిప్పంటుకుంటే ఏం చేస్తావని అడగడం మేలు.

నమ్మకానికీ జబ్బుకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఉత్తర తెలంగాణలో పనిచేసే నర్సుకు రోజూ ఎదురయ్యే ప్రశ్న. మేడారం జాతరలో సమ్మక్క పైకొచ్చి శివమూగిన మనిషిని చూసి సైకోసిస్ (వాస్తవంతో పట్టు తప్పే మానసిక జబ్బు) అని రాయకూడదు. ఆ పూట ఊగింది, ఆ తర్వాత ఇంటికొచ్చి వండుకుంది, పనికి పోయింది, చుట్టూ ఉన్నవాళ్లకూ అది తెలిసిన సంగతే. అదే మనిషి జాతర అయిపోయి నెలలు గడిచినా తిండి మానేసి, నిద్ర లేక, ‘అమ్మ నాకొక్కదానికే ఆజ్ఞ ఇచ్చింది’ అంటూ ఇల్లు వదిలి తిరుగుతుంటే, సొంత మనుషులే ‘ఇది మా లెక్క శివం కాదు’ అంటుంటే, అప్పుడు చూడాలి. ఎంతసేపు ఉంది, ఊరివాళ్లు ఒప్పుకుంటున్నారా, పనీ తిండీ నిద్రా దెబ్బతిన్నాయా అనే మూడింటినీ రాయండి. బాణామతి చేశారని అనుమానపడే కుటుంబంతో వాదానికి దిగొద్దు. మొక్కులు మొక్కుకోనివ్వండి, మందు మాత్రం ఆగకుండా చూడండి. వాదిస్తే తర్వాతి ఓపీకి రారు.

కల్లు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారు. 2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా పడిపోయినప్పుడు నిజామాబాద్ వైపు నుంచీ ఇతర జిల్లాల నుంచీ ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో జనం ఆసుపత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి కూడా మద్యం, కల్లు దొరక్క వచ్చినవాళ్ల తాకిడి అలాగే పెరిగింది. అందుకే హిస్టరీలో ‘కల్లు తాగుతాడా’ అని అడిగి ఊరుకోవద్దు. చెట్టు కల్లా, మందు కలిపిన కల్లా? రోజుకు ఎన్ని సీసాలు? చివరి సీసా ఎప్పుడు? ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ కూడా అడగాలి. వాళ్లను ఎవరూ అడగరు కాబట్టే, వేరే జబ్బుకు అడ్మిట్ అయిన రెండో రోజు చేతులు వణికి, మంచం దిగి పరిగెత్తినప్పుడు వార్డంతా బిత్తరపోతుంది.

ఆల్కహాల్ విత్‌డ్రాయల్‌లో, అంటే తాగుడు ఒక్కసారిగా ఆగినప్పుడు, ఫిట్స్ సాధారణంగా మొదటి 48 గంటల్లోపు వస్తాయి, వణుకు, మతిభ్రమతో కూడిన డెలీరియం ట్రెమెన్స్ రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. విత్‌డ్రాయల్ తీవ్రత కొలవడానికి వాడే సీవా (CIWA) స్కేలులో పది అంశాలుంటాయి. అది ఆల్కహాల్ కోసం తయారైన కొలత. మందు కల్లు తాగిన మనిషిలో కలిసింది డయాజెపామ్ అయితే అది ఒంట్లోంచి నెమ్మదిగా దిగుతుంది, అసలు ఇబ్బంది వారం తర్వాత కూడా రావచ్చు. స్కోరు తగ్గింది కదా అని నాలుగో రోజు పర్యవేక్షణ ఆపేస్తే దెబ్బతింటాం. ఇంకొకటి, వచ్చిన వెంటనే నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ సెలైన్ ఎక్కించే అలవాటు. థయామిన్ (విటమిన్ బి1) ముందే పడిందా అని అడగండి. విటమిన్ లోపం ఉన్న తాగుబోతుకు థయామిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే వెర్నికే ఎన్‌కెఫలోపతి అనే మెదడు జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, దాంతో జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు.

పురుగుల మందు కేసుల్లో సైకియాట్రీ రిఫరల్ రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: అట్రోపిన్ ఎంత వెళ్తోంది? ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగినవాళ్లకు విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు. అది ఎక్కువైతే మనిషి దుప్పటి పీకుతాడు, గాల్లో ఏదో పట్టుకుంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు. ‘మైండ్ పోయింది, సైకియాట్రీకి పంపండి’ అంటారు. దగ్గరికి వెళ్లి చూడండి. కనుపాపలు పెద్దవై ఉంటాయి, నోరు పిడచకట్టి, ఒళ్లు వేడిగా పొడిగా ఉంటుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, మూత్రం బిగిసి పొత్తికడుపు ఉబ్బి ఉంటుంది. ఎక్కడున్నావంటే చెప్పలేడు, గంటకొక తీరుగా ఉంటాడు. ఇది డెలీరియం, ఒంట్లోని కారణం వల్ల వచ్చిన మతిభ్రమ. చేయాల్సింది డాక్టర్‌కు చెప్పి అట్రోపిన్ మోతాదు చూడమనడం. ఇక్కడ అలవాటు కొద్దీ మత్తు కోసం ప్రొమెథజైన్ ఇస్తే అదీ అదే జాతి ప్రభావం ఉన్న మందు, పరిస్థితి ఇంకా ముదురుతుంది. స్కిజోఫ్రీనియాలో గొంతులు వినిపించినా ఊరు, వారం, మనుషులు సాధారణంగా గుర్తుంటాయి. కంటికి కనపడడం, స్పృహ తగ్గుతూ పెరుగుతూ ఉండడం చూస్తే ముందు ఒంట్లో కారణం వెతకాలి. ఈ ఒక్క పాఠం కోసం మెడికల్ వార్డుల్లో పోస్టింగ్ అడిగి వేయించుకోమంటాను.

ఆ పేషెంటు తేరుకున్నాక ‘చావాలనిపించిందా?’ అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన తలకెక్కుతుందని భయపడతారు, అలా జరగదు. ఇంట్లోవాళ్లు ‘పొరపాటున తాగింది’ అంటారు, పోలీసు కేసు భయం. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించమంటుంది, శిక్షించమనదు. అది మెల్లగా చెబితే అసలు సంగతి బయటికొస్తుంది. కనిపెట్టి ఉండే డ్యూటీని అటెండెంట్‌కు అప్పగించొద్దు, ఆయన టీకి వెళ్తాడు. డ్యూటీలు మారే వేళ, డిప్రెషన్ కొంచెం తగ్గి ఒంట్లో ఓపిక వచ్చిన మొదటి రోజులు, డిశ్చార్జి అయిన వెంటనే వచ్చే వారాలు జాగ్రత్తగా ఉండాల్సిన సమయాలు. ఇంటికి పంపేటప్పుడు గడ్డి మందు, పురుగుల మందు డబ్బాలు ఎక్కడ పెడుతున్నారో అడిగి, తాళం వేయించమని చెప్పి పంపండి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416 చీటీ మీద రాసివ్వండి.

ఆ చట్టంలో నర్సు చేతిలో పడే మిగతా ముక్కలు చెబుతాను. ఇది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. తనంతట తాను చేరిన పేషెంటు సంతకం పేషెంటుదే కావాలి. అలవాటుగా అన్న చేతో భర్త చేతో పెట్టించడం తరచూ జరిగే పొరపాటు. 89వ సెక్షన్ కింద నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (పేషెంటు తరఫున వ్యవహరించే ప్రతినిధి) దరఖాస్తుతో చేర్చుకుంటే గరిష్ఠంగా 30 రోజులు. ఆ అడ్మిషన్‌ను మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు మహిళలు, మైనర్ల విషయంలో 3 రోజుల్లో, మిగతావారి విషయంలో 7 రోజుల్లో తెలియజేయాలి. ఒంటరి గదిలో బంధించడం పూర్తిగా నిషేధం. కట్టాల్సి వస్తే, తక్షణ ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, సైకియాట్రిస్ట్ అనుమతితో, అవసరమైనంతసేపే. కారణం రాయాలి, 24 గంటల్లో నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కు చెప్పాలి. 15 నిమిషాలకోసారి వేళ్ల రంగు, వెచ్చదనం, నాడి చూడాలి, రెండు గంటలకోసారి విప్పి కాళ్లూ చేతులూ కదిలించాలి. మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఈసీటీ (కరెంటు షాక్ చికిత్స) ఇవ్వకూడదు, అత్యవసర చికిత్స పేరుతో అసలే ఇవ్వకూడదు. ఈసీటీకి ముందు రాత్రి నుంచి ఏమీ తినలేదని అటెండెంట్ చెప్పినా పేషెంటును మళ్లీ అడగండి. పొద్దున్నే ఎవరో ఒకరు చాయ్ పోసి ఉంటారు.

మందుల్లో రెండు సంగతులు ఇక్కడి వాతావరణానికి తగ్గట్టు చెప్పాలి. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే విషం లెక్క. మే నెల ఎండలో ఉపాధి పనికి పోయి చెమట కారి, విరేచనాలు పట్టి, నడుం నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ వేయించుకుంటే ఆ గీత దాటడానికి ఎంతో సేపు పట్టదు. బీపీకని ఉప్పు మానేసినా లిథియం పెరుగుతుంది. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, మాట ముద్దగా రావడం, నడక తూలడం చూస్తే మాత్ర ఆపి వెంటనే రమ్మని ఇంట్లోవాళ్లకు వేసవికి ముందే చెప్పాలి. పరీక్షకు రక్తం చివరి మోతాదు తర్వాత 12 గంటలకు తీయాలి. ఆకుపచ్చ మూత ట్యూబులో తీయొద్దు. అందులో ఉండేది తరచూ లిథియం హెపారిన్, ఫలితం అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది.

రెండోది సైకోసిస్‌కు ఇచ్చే హాలోపెరిడాల్ తర్వాత మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కళ్లు పైకి వెళ్లిపోవడం. కుర్రవాళ్లలో ఎక్కువ. ఇంటివాళ్లు ‘గాలి సోకింది’ అని బెదిరిపోతారు. డాక్టర్ ఆర్డర్‌తో ప్రొమెథజైన్ 25 నుంచి 50 మిల్లీగ్రాములు కండకు ఇస్తే సాధారణంగా అరగంటలో సర్దుకుంటుంది. జ్వరం, ఒళ్లంతా కర్రలా బిగుసుకోవడం, మాట తేడా కూడా ఉంటే అది వేరే, ఎన్ఎంఎస్ (న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనే ప్రాణాపాయ స్థితి) కావచ్చు. ఆ మందు ఆపాలి, ఐసీయూ మాట ఎత్తాలి. నెలకోసారి వేసే ఫ్లూఫెనజీన్ డెకనోయేట్ ఇంజెక్షన్ నువ్వుల నూనెలో ఉంటుంది కాబట్టి సిరంజి, సూది పొడిగా ఉండాలి, తడి తగిలితే మందు మబ్బుగా మారుతుంది. లోతుగా వేయాలి, రుద్దకూడదు.

డిసర్టేషన్‌కు సిలబస్‌లో 300 గంటలున్నా చాలవు. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక), ఎథికల్ కమిటీ, ఆసుపత్రి అనుమతి, నిపుణులకు టూల్ (ప్రశ్నావళి) చూపించడం, తెలుగులోకి అనువాదం, తిరిగి ఇంగ్లిష్‌లోకి అనువాదం, పదో వంతు మందితో పైలట్ (ముందస్తు ప్రయత్నం), ఆ తర్వాతే అసలు డేటా. ఎక్కువమంది ఒకే గుంపుకు ముందు పరీక్ష, ఒక టీచింగ్ ప్రోగ్రామ్, వారం తర్వాత మళ్లీ పరీక్ష పెట్టి, మార్కులు పెరిగాయని తేలుస్తారు. అదే ప్రశ్నలు రెండోసారి అడిగితే పెరగవా? పోల్చడానికి ఇంకో గుంపు లేకుండా ఆ పెరుగుదల దేనివల్లో చెప్పలేం. పది మంది సంరక్షకులతో లోతుగా మాట్లాడి రాసే అధ్యయనం దానికంటే విలువైనదని నా అభిప్రాయం. అనువాదంలో ‘నిస్పృహ’, ‘ఆందోళన’ అని పెడితే జనగామ అమ్మకు అర్థం కాదు. ‘రంది’, ‘బుగులు’ పెట్టండి. నిపుణులు అభ్యంతరం చెబితే పైలట్‌లో ఎంతమందికి ఏ మాట అర్థమైందో లెక్క చూపించండి. ఐదు మెట్ల జవాబులు చదువుకోనివాళ్లకు పనిచేయవు. ‘రోజూనా, అప్పుడప్పుడా, అసలు లేదా’ అని నోటితో అడిగి మీరే నింపాలి.

పెద్ద పోస్టింగ్‌కు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపిస్తే వరంగల్ నుంచి రైల్లో సికింద్రాబాద్ దిగి, మెట్రోలో అమీర్‌పేటలో మారి ఎర్రగడ్డలోనే దిగొచ్చు. బస ముందే చూసుకోండి. దీర్ఘకాలిక వార్డులూ రిహాబిలిటేషనూ చూడడానికి అంత పెద్ద చోటు మన వైపు లేదు. అక్కడ ప్రతి రోజూ లాగ్‌బుక్‌లో సంతకం అదే రోజు చేయించుకోండి. నెలాఖరున ఒకేసారి పెడితే సిస్టర్లు మారిపోయి ఉంటారు, మళ్లీ వెళ్లాల్సి వస్తుంది.

ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ కేసు ఇచ్చి వదిలేస్తారు, తర్వాత షీట్ పట్టుకుని ‘ఈ మాట పేషెంటు అన్నదా, నువ్వు రాసిందా?’ అని అడుగుతారు. కొటేషన్‌లో పెట్టిన ప్రతి వాక్యమూ పేషెంటు నోటి నుంచి వచ్చిందే అయితే ఆ ప్రశ్నకు భయం లేదు. ఫలితాలు వచ్చాక తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో అదనపు అర్హత నమోదు చేయించుకోవాలి. మెంటల్ హెల్త్ నర్సుగా పనిచేయాలంటే చట్టం ప్రకారం రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర కూడా పేరు నమోదు కావాలి. రెండింటికీ ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారు కాబట్టి కాలేజీ నుంచి వాటిని తీసుకునే రోజే రెండు మూడు జతల జిరాక్సులు తీయించి పెట్టుకోండి.